తెలియదన్న మనిషి

"దేవుడి కుమారుణ్ణి తండ్రి చేశాడా? లేక కుమారుడు ఎప్పుడూ ఉన్నవాడేనా? చెప్పు, తర్వాత రొట్టె తీసుకో!"

లాదిక రొట్టెల దుకాణం ముందు నిలబడ్డ ముసలాయన్ని నిలదీశాడు చర్చిలో పరిచర్య చేసే డీకను ఫిలోను.

ముసలాయనది ఈ ఊరు కాదు. వారం రోజులుగా స్నానశాల గోడ వెచ్చగా ఉంటుందని దాని పక్కనే పడుకుంటున్నాడు.

"తెలియదు నాయనా," అన్నాడు.

రొట్టెల కోసం వచ్చినవాళ్ళంతా గొల్లుమన్నారు.

"లిబియాలో మేకలు కాసేవాడికి కూడా తెలుసు తాతా! తండ్రి ముందు, కొడుకు తర్వాత. ఇందులో తెలియకపోవడానికేముంది?" అన్నాడొక పడవవాడు.

"మన తీరంలో బిషప్పులందరిదీ ఒకటే మాట," అన్నాడు ఫిలోను. "'తండ్రే కుమారుణ్ణి చేశాడు' అన్న పత్రం మీద కొండమీది ఊరి బిషప్పు ఈసాండర్ గారు ముందు సంతకం పెట్టారు. ఆయన్ని చూసి మిగతా పదకొండుమందీ పెట్టారు. ఆయనకంటే నీకెక్కువ తెలుసా?"

"లేదు బాబూ. ఆయనకంటే ఎక్కువ తెలియదు."

లాదిక జాలిపడి ఒక రొట్టె ఆయన చేతిలో పెట్టింది.

ఆ మర్నాడే లాదిక మనవడికి జ్వరం వచ్చింది. పుట్టి తొమ్మిది రోజులు. ఇంకా బాప్తిస్మం కాలేదు.

లాదిక ఫిలోను దగ్గరికి పరుగెత్తింది.

"వాడి నాన్న అలెగ్జాండ్రియా వాడు. కుమారుడు తండ్రితో సమానమనే రకం," అన్నాడు ఫిలోను. "అది తప్పని అతను ఒప్పుకుంటేనే బాప్తిస్మం."

"అల్లుడు ఓడమీద ఉన్నాడయ్యా!"

"వచ్చాక చూద్దాం."

లాదిక రేవుకు పరుగెత్తింది. అక్కడ అలెగ్జాండ్రియా వాళ్ళకు వేరే ప్రార్థన ఇల్లుంది. వాళ్ళ పెద్ద తల అడ్డంగా ఊపాడు.

"తల్లి మీ మనిషి కదమ్మా. ముందు ఆమె మా దారికి రావాలి."

లాదికకు ఏమీ పాలుపోలేదు. ఇద్దరూ దేవుడి పేరే చెబుతున్నారు. ఇద్దరూ కుమారుడి పేరే చెబుతున్నారు. పిల్లవాడేమో పాలు మానేశాడు.

ఆమె ఇల్లు చేరేసరికి కూతురు క్లియో ఒడిలో బిడ్డ, పక్కన ముసలాయన, ఆయన చేతిలో నీళ్ళ గిన్నె.

"ఏడుపు విని వచ్చాడమ్మా. నేనే పొయ్యమన్నాను," అంది క్లియో.

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున ముసలాయన మూడుసార్లు నీళ్ళు పోశాడు. ఒక్క మాట తడబడలేదు.

తెల్లారాక బిడ్డ పోయాడు.

"బిచ్చగాడు నీళ్ళు పోస్తే బాప్తిస్మం అయిపోతుందా?" అన్నాడు ఫిలోను. "మా సమాధుల తోటలో చోటు లేదు."

రాళ్ళ గని పక్కన ముసలాయనే గొయ్యి తవ్వాడు. చేతులు నెత్తురోడినా ఇంకెవర్నీ పార ముట్టుకోనివ్వలేదు.

మట్టి కప్పాక లాదిక ఆయన్ని అడిగింది.

"నా మనవడికి ఏ కుమారుడి పేరున బాప్తిస్మం ఇచ్చావు తాతా? తండ్రి చేసిన కుమారుడా? ఎప్పుడూ ఉన్న కుమారుడా?"

ముసలాయన పార కింద పెట్టాడు.

"తెలియదమ్మా."

"తెలియకుండానే నా బిడ్డ నెత్తిన నీళ్ళు పోశావా!" లాదిక ఆయన రొమ్ముమీద రెండు చేతులతో గుద్దింది. "పో! మళ్ళీ నా గడప తొక్కావంటే ఊరుకోను!"

వాన మొదలైంది. ముసలాయన అలాగే వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత గని కూలీలు ఆయన శవాన్ని ఊరి ద్వారం దగ్గరికి మోసుకొచ్చారు. బిడ్డ సమాధి పక్కనే పడి ఉన్నాడట.

"మావాడు కాదు," అన్నాడు ఫిలోను.

"మావాడూ కాదు," అన్నాడు రేవు పెద్ద.

ఆ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం ఊరు అదే మొదటిసారి చూసింది.

లాదిక దుప్పటి తెచ్చి కప్పింది. ఏడవాలో వద్దో ఆమెకే అర్థం కాలేదు. ఇంటికి పోబోయింది, మళ్ళీ వచ్చి శవం పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నం కొండ దారిన కంచరగాడిదతో ఇద్దరు మనుషులొచ్చారు. అందులో పెద్దవాడు దుప్పటి తొలగించి చూసి, అలాగే నేలమీద కూలబడిపోయాడు. పుండ్లు పడ్డ ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు.

"మూడు నెలల్నుంచి వెతుకుతున్నాం," అన్నాడు. "'నేను తొందరపడ్డానేమో. అవునో కాదో తేలేదాకా రాను' అని వెళ్ళిపోయాడు."

"దేనికి తొందరపడ్డాడు? ఇంతకీ ఎవరితను?" అన్నాడు ఫిలోను.

ఆ మనిషి ఫిలోను వంక వింతగా చూశాడు.

"అందరికంటే ముందు పెట్టిన ఆ సంతకానికేనయ్యా," అన్నాడు. "ఈయన మా బిషప్పు, ఈసాండర్."