ముహూర్తం చూసి కొన్న కారు

ఎడ్లు లాక్కొచ్చిన కారు చినబాబు గుమ్మం ముందు ఆగింది. దాని వెనకాలే ఎండలో నడిచొచ్చిన యాజులు మేష్టారు మండిపడ్డారు.

“కొని వారం కాలేదు, గొలుగొండ రోడ్డులో ఇంజను పట్టేసింది! నమ్మి వస్తే డొక్కు కారు అంటగడతావా? నర్సీపట్నమంతా నన్ను చూసి నవ్వుతోంది!”

“బానెట్ ఎత్తి, ఏటి బాగోలేదో సూపిస్తానన్నాను కదండీ పంతులుగారూ. వర్జ్యం వచ్చేస్తంది, బేగి తాళాలిమ్మన్నది మీరే.”

మేష్టారు పళ్లు నూరారు.

“పోన్లెండి. కారిక్కడ వొగ్గీసి మీ డబ్బులట్టుకెళ్లిపోండి,” అని చినబాబు లోపలికెళ్లి నోట్లకట్ట తెచ్చాడు.

చెయ్యి చాపబోయిన మేష్టారు వాచీ చూసుకుని ఇంకా మండిపోయారు.

“రాహుకాలంలో డబ్బిస్తావా? బుద్ధుందా నీకు!”

కారుతో సహా ఎడ్లను మళ్లీ తన ఇంటివైపు తిప్పించారు.