నిమ్మకాయ తొక్కే కారు

కార్లన్నీ వాటంతటవే నడిచి, వాటంతటవే ఆగే రోజులవి. లైసెన్సు పరీక్షకి మాత్రం మనిషి ఆపితేనే ఆగే కారు తేవాలి. పద్దెనిమిది నిండిన కూతురు హవిష కోసం అలాంటిది వెతుకుతూ ప్రత్యూష కాకినాడలో అద్దె షెడ్లన్నీ తిరిగింది. ఎక్కడికెళ్లినా హవిషని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, తను కారుకి ఎదురుగా నిలబడి, "పోనియ్యవే" అనేది. ప్రతి కారూ కాయని పసిగట్టి బుద్ధిగా ఆగిపోయేది.

చివరి షెడ్డులోని పాత కారు దాన్ని తొక్కేసి ముందుకొచ్చింది. హవిష కంగారుగా బ్రేకు నొక్కింది.

"ఇదే ఖాయం చేద్దాం. దిష్టి కూడా పోయింది," అంది ప్రత్యూష.

"ఇది నిన్ను చూసినా ఆగదమ్మా."

"ఆపడానికి నువ్వున్నావుగా."

అంత ధీమాగా అన్న ప్రత్యూష, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక కారుకి దారిచ్చి పక్కకి తప్పుకుంది.