పార్సిల్లో వచ్చిన మిషను

గుడివాడ నుంచి టైపు మిషను మోసుకొచ్చిన ఏజెంటు జనార్దనరావు, చిలకలపూడిలో వీరాచారి నగల దుకాణం గడపలోనే ఆగిపోయాడు. బల్ల మీద అచ్చం అలాంటి మిషనే ఉంది.

"ఎవరమ్మారండీ?"

"మీ కంపెనీయేనండీ. పేపర్లో ప్రకటన చూసి కార్డు రాస్తే పార్సిల్లో పంపారు."

"ఇన్నాళ్లూ మీ చుట్టూ తిరిగి, దాని సంగతంతా చెప్పింది నేను కదండీ!"

"మీరు చెప్పబట్టే కొన్నాను. నేనూ రోల్డుగోల్డు నగలు పోస్టులోనే పంపుతున్నా. గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు నన్నూ ఇలాగే తిట్టారు."

జనార్దనరావుకి ఒళ్లు మండింది. వెళ్లిపోబోతూ చూశాడు, రిబ్బను తిరగేసి ఎక్కించారు. ఉండబట్టలేక తన మిషను దించి, ఆ రిబ్బను ఊడదీసి సరిగ్గా ఎక్కించాడు.

"ఇదెలా వాడాలో చూపించే మనిషి పార్సిల్లో రాలేదండీ," అన్నాడు వీరాచారి మెల్లగా.

జనార్దనరావు సిరా అంటిన వేళ్లు తుడుచుకున్నాడు. బల్ల మీది మిషను ముందుకి కుర్చీ లాగాడు.

"ఇలా వచ్చి కూర్చోండి," అన్నాడు, ఇంకా కోపంగానే.