ఆరో గ్లాసు

"ఐదు గ్లాసులే ఉన్నాయి. ఆరో పాపకేదీ?" అంది శ్రీలేఖ.

చాప మీద ఆరుగురు పిల్లలు వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక పళ్లెం. అందులో కొలిచి పెట్టిన అన్నం, పప్పు, క్యారెట్ కూర, అరటిపండు ముక్కలు. పక్కన పాలగ్లాసు. చివర కాస్త ఎడంగా కూర్చున్న రెండున్నరేళ్ల అమూల్య పక్కన మాత్రం మంచినీళ్లు ఉన్నాయి.

పిల్లలను చూసుకునే ఫక్రున్నీసా తడి చేతులు దుపట్టాకు తుడుచుకుని, ఆ పాపకు పాలు పడవని చెప్పింది.

రియాద్‌లోని ఒక పెద్దాసుపత్రి తన నర్సుల పిల్లలను పగలు చూసుకోవడానికి ఇలాంటి ఇళ్లు కొన్ని ఎంచుకుంది. భోజనానికి సరుకులు కూడా అదే పంపుతుంది. మధ్యాహ్నం ప్రతి బిడ్డకూ ఐదు రకాలూ పెట్టాలన్నది నియమం. తిన్నా తినకపోయినా ముందు పెట్టి తీరాలి. ఏదైనా మానేయాలంటే డాక్టరు రాసిచ్చిన కాగితం ఉండాలి. అవన్నీ సరిగా జరుగుతున్నాయో లేదో చూడటానికి నెలకోసారి వచ్చే ఆసుపత్రి ఉద్యోగిని శ్రీలేఖ.

కాగితం ఏదని అడిగిందామె.

"వాళ్లమ్మ రేపు తెస్తా, మాపు తెస్తా అంటాంది మేడమ్. డ్యూటీలకే సరిపోతాంది ఆయమ్మకు."

పోయిన నెల కూడా ఇదే మాట చెప్పారని, ఈ రోజు వరకే గడువిచ్చానని శ్రీలేఖ గుర్తుచేసింది. గొంతు మాత్రం పెంచలేదు. "పాప తాగకపోయినా ఫర్వాలేదండీ. గ్లాసు పెట్టండి చాలు. పెట్టారని రాసుకుంటాను."

ఫక్రున్నీసా అమూల్య పక్కనున్న మంచినీళ్లను ఇంకాస్త దగ్గరికి జరిపింది.

శ్రీలేఖ కుర్చీ లాక్కుని కూర్చుంది. తనకు మనసు లేక కాదంది. నిరుడు ఒకింట్లో నలుగురు పిల్లలకు గుడ్డు పడదని రాసి, ఆ గుడ్లు తామే వండుకు తిన్నారట. పిల్లలు చిక్కి సగమయ్యాక గానీ సంగతి బయటపడలేదట. అప్పటినుంచే ఈ కాగితం పట్టింపు. ఈ రోజూ లేకపోతే ఈ ఇంటిని జాబితాలోంచి తీసేయక తప్పదు. ఆదివారం నుంచి ఆరుగురూ వేరే ఇళ్లకు పోతారు.

ఫక్రున్నీసా పిల్లల వరస వంక చూసింది. నౌమాన్ మొదటి అడుగు వేసింది ఈ గదిలోనే. అనమ్ ఆమె ఒడిలో తప్ప నిద్రపోదు. ఇక అమూల్య సంగతి చెప్పనే అక్కర్లేదు. మిగతా ఐదుగురి మూతులూ చేతులూ కడిగి, చాప తుడిచాక గానీ ఆ పిల్లను వాళ్లతో ఆడుకోనివ్వదు. వేరే ఇంట్లో అంత ఎవరు చూస్తారు?

వంటగట్టు మీద గిన్నెలో పాలున్నాయి. ఒక గ్లాసు పోసి, పిల్ల చేతికందనంత దూరంలో నిమిషం ఉంచి తీసేస్తే గండం గడిచిపోతుంది. ఆమె లేచి వెళ్లింది. గ్లాసు నింపి పట్టుకొచ్చింది కూడా.

అమూల్య తలెత్తి రెండు చేతులూ చాచింది. తనకూ ఇన్నాళ్లకు పాలగ్లాసు వచ్చిందన్న సంబరంతో నోరు తెరిచి నవ్వింది.

ఫక్రున్నీసా వెనక్కి తిరిగి వెళ్లి పాలను సింకులో వంచేసింది.

"రాసుకోండి మేడమ్. ఇల్లు తీసేసినా సరే. ఆ బిడ్డకేమన్నా అయితే, పెట్టమన్నారని పెట్టినానని వాళ్లమ్మకు నేను చెప్పలేను."

శ్రీలేఖ కలం మూత తీసింది, మళ్లీ పెట్టేసింది. చివరకు తల్లికి ఫోన్ చేయమంది. అరగంట చూస్తానంది.

ఫక్రున్నీసా ఫోన్ చేసి రమ్మంది. పిల్లలు తినడం ముగించారు. ఫక్రున్నీసా ఒక్కొక్కరినీ ఎత్తుకెళ్లి మూతి కడిగి తెచ్చింది. ఆదివారం ఈ పని ఉండదేమో అన్న ఆలోచనను పక్కకు నెట్టడానికి, చేతులు ఇంకోసారి రుద్ది రుద్ది కడిగింది.

అమూల్య తల్లి కాత్యాయని ఇరవై నిమిషాల్లో వచ్చింది. ఒళ్లంతా కప్పే నల్లటి అబాయా కింద వార్డులో వేసుకునే దుస్తులే ఉన్నాయి. మెట్లు పరుగున ఎక్కినట్టుంది, ఆయాసపడుతోంది. ఫక్రున్నీసా జరిగిందంతా చెప్పింది. "కాగితం ఉందో లేదో ఒక్క మాట చెప్పమ్మా. ఇంక టైము లేదు."

కాత్యాయని కూతురి వంక చూసింది. "ఉందక్కా" అని, చేతిసంచి లోపలి జిప్పు తీసి, మడతల దగ్గర నలిగిన కాగితం ఇచ్చింది.

ఫక్రున్నీసా గుండె కుదుటపడింది. ఆ వెంటనే, ఇంత దగ్గర పెట్టుకుని ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదని కోపం కూడా వచ్చింది.

శ్రీలేఖ చదివింది. డాక్టరు సంతకం ఉంది, ముద్ర ఉంది. పాలు ఒక్క చుక్క కూడా నోటికి తగలకూడదని స్పష్టంగా రాసి ఉంది. ఆమె ముఖం తేటపడింది. రిజిస్టరులో ఎక్కించబోతూ ఆగి, కాగితాన్ని మళ్లీ పైనుంచి చదివింది.

"ఇందులో పేరు అపురూప అనుందేంటండీ?"

ఇంట్లో పిలుచుకునే పేరై ఉంటుందని ఫక్రున్నీసా అనబోయింది. కాత్యాయని ముఖం చూసి ఆ మాట మింగేసింది.

"అపురూప, అమూల్య కవలలు మేడమ్. అపురూప ఈ కాగితం ఉండంగనే పోయింది. ఒకింట్ల ఎవరో బిస్కెట్టు పాలల్ల ముంచి తినిపిచ్చిన్రు."

ఆమె వంగి అమూల్యను ఎత్తుకుంది.

"దీనికి పాలు పడ్తయో పడయో నాకు తెల్వదు. మా వార్డుల పిల్లలందరికీ పాలచుక్క ఒంటికి తాకిచ్చి చూసే ఆ పరీక్ష చేసేది నేనే. నా బిడ్డకు చెయ్యనీకి మాత్రం చెయ్యి వస్తలేదు."