పన్ను పడని సొమ్ము

"దోనె అద్దె పావలా అండి. నేనొచ్చి తోస్తే ఇంకో పావలా," అన్నాడు దోనెవాడు గంగరాజు.

"నీ కూలి దండగ. కొల్లేటి ఒడ్డున ఆకివీడులో పుట్టినవాణ్ణి, నాకు దోనె తోయడం నేర్పుతావా?" అన్నాడు పట్టాభిరామయ్య.

"కార్తీకం కదండీ. నడిమధ్యలో నిలువు లోతు దాటి ఉందండి."

"ఉండనీ."

కాంతానికి నవ్వొచ్చింది. దేవుడి దగ్గరికి వెళ్తూ కూడా బేరమే! కొల్లేటికోట అమ్మవారిని చూడాలని పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎనిమిదేళ్ళుగా అడుగుతోంది. ఎప్పుడడిగినా "ఖర్చు" అనేవాడు. ఈసారి ఆయనే "పోదాం పద" అన్నాడు.

ఇదంతా పన్ను పుణ్యమేనని ఆమె నమ్మకం.

తాడేపల్లిగూడెంలో వాళ్ళది కిరసనాయిలు కొట్టు. వేసంగిలో ఏలూరు నుంచి ఇన్‌కంటాక్సు నోటీసు వచ్చాక ఆయనకి మూడు రోజులు అన్నం సహించలేదు. అప్పుడొచ్చాడు ఇన్సూరెన్సు ఏజెంటు దేవరాజు.

"పట్టాభిరామయ్య గారూ, రెండే కిటుకులండీ. ప్రతి ఖర్చూ పుస్తకంలో రాయండి. రాయనిది ఆఫీసరు ఒప్పుకోడు. రెండోది, ఇన్సూరెన్సు కట్టండి. మీ ప్రాణం మీదైనా సరే, అమ్మగారి ప్రాణం మీదైనా సరే. ఆదాయంలో ఆరో వంతు దాకా, కట్టిన సొమ్ముకి పన్నుండదు."

"ఎవరి మీద కడితే చవక?"

"చిన్న వయసు వాళ్ళ మీదండీ."

"అయితే కాంతం మీదే రాయి."

"రేపేదైనా జరిగితే, వచ్చే అయిదు వేలకీ పన్నుండదండీ."

"పొద్దున్నే అశుభం పలక్కయ్యా!" అని కసిరాడు ఆయన.

తలుపు చాటు నుంచి ఆ కసురు విని కాంతం మురిసిపోయింది. సాయంత్రం పక్కింటి ముత్యాలమ్మతో గొప్పగా చెప్పుకుంది. "నా ప్రాణం అయిదు వేలు, తెలుసా పిన్నీ?"

"అదృష్టవంతురాలివే. మా ఆయన్నడిగితే నాకు అణా కూడా ఎక్కువంటాడు," అంది ముత్యాలమ్మ.

కాంతం గుండెల్లో అసలు దిగులు వేరే ఉంది. కడుపు పండలేదని అత్త నూకాలమ్మ కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేస్తానంటోంది. తనని పుట్టింటికి తోలేస్తే, అక్కడ తలుపు తీసేవాళ్ళు లేరు. శ్రావణంలో అత్త సంబంధం కూడా తెచ్చింది.

"ఒక్క కొంపలో ఇద్దరు పెళ్ళాలా? ఇద్దరికి కోకలూ, ఇద్దరికి తిండీ! నావల్ల కాదమ్మా," అన్నాడు ఆయన.

ఆ పూట కాంతం ఆయన కంచంలో ఒక గరిట నెయ్యి ఎక్కువే వేసింది.

దోనె ఒడ్డు వదిలింది. వెనక నిలబడి ఆయన గెడ వేస్తున్నాడు. ముందు వైపు ఆయన సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా అంచులు పట్టుకుని కూర్చుంది కాంతం. తామరాకులు వెనకబడ్డాయి. చేపల వలలూ, మనుషుల కేకలూ వెనకబడ్డాయి.

"ఏవండీ, కోటలో గాజులు కొంటారా?"

"చూద్దాంలే."

"నాకు భయంగా ఉందండీ. ఇక్కడ చాలా లోతనుకుంటాను."

"నేనున్నానుగా. కాస్త ఆ అంచుకి జరిగి కూర్చో. బరువు సరిపోవాలి."

ఆమె జరిగింది. గాజుల సంగతి మాత్రం మనసులో మెదులుతూనే ఉంది. ఆయన అలవాటు ఆమెకి తెలుసు. దేవరాజు చెప్పినప్పట్నుంచీ ఏ రోజు ఖర్చు ఆ రోజు పొద్దున్నే, ఇల్లు కదలకముందే రాసుకుంటాడు. రాయనిది కొనడు. రాసింది మార్చడు. గాజులు రాసి ఉంటే కొన్నట్టే!

మూడో తరగతి చదువు ఇవాళ పనికొచ్చింది. సంచీలోంచి ఖర్చుల పుస్తకం మెల్లగా పైకి లాగి, ఇవాళ్టి పేజీ తీసింది. వెనక గెడ చప్పుడు ఆగింది.

భీమడోలుకి టిక్కెట్లు రెండు. బండి బాడుగ అర్ధ రూపాయి. దోనె అద్దె పావలా. కొబ్బరికాయ ఒకటి.

గాజులు లేవు. ఆఖరి పద్దు చదివింది.

తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు ఒకటి.