తాడు విప్పమన్న మనిషి

ఎనుమాముల మార్కెట్ దాటగానే కారు ఆగిపోయింది.

దీప ఎన్నిసార్లు బటన్ నొక్కినా స్టార్ట్ కాలేదు.

"దిగకు బిడ్డా, వెనుక లారీలొస్తానయి," అంది తల్లి అనసూయ.

దీప ఎడమ కాలికి బలం లేదు. క్లచ్ తొక్కే వీలు లేదు. అందుకే బ్రోకర్‌తో వెతికించి మరీ క్లచ్ లేని ఈ పాత ఆటోమేటిక్ కారు కొన్నారు. నెక్కొండ నుంచి వరంగల్‌కు రోజూ ఉద్యోగానికి దీంట్లోనే. ఇది మూలపడితే ఉద్యోగం కూడా పోయినట్టే.

మిర్చి దింపి వస్తున్న ఊరి మొగిలయ్య ట్రాక్టర్ ఆపాడు.

"ఏంది వదినె, రోడ్డు మీదనే కాపురం పెట్టిన్రా? ఫికర్ చెయ్యకు. తాడు కట్టి షెడ్డు దాకా గుంజుకపోత."

తాడు ముడి పడిందో లేదో, స్కూటర్ మీద ఒక పెద్దమనిషి వచ్చి ఆగాడు.

"తాడు విప్పుండ్రి. ఆటోమేటిక్ బండిని గిట్ల గుంజితే గేర్‌బాక్స్ కాలిపోతది. ముందు చక్రాలు నేలకు ఆనొద్దు."

"నీకెట్ల ఎరుక?" అన్నాడు మొగిలయ్య.

ఆయన బానెట్ మీద చెయ్యి వేసి, అద్దంలోంచి డ్రైవర్ సీటు వైపే చూస్తున్నాడు. దీప అక్కడే కూర్చుని ఉంది.

అనసూయకు అనుమానం వచ్చింది. వీడి కన్ను కారు మీదా, పిల్ల మీదా?

"గట్ల చూస్తవేంది? నీకు ఆడపిల్లల్లేరా?"

ఆయన చెయ్యి తీసేశాడు.

"గుంజకుండ్రి చెల్లె. దండం పెడ్త," అంటూ ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడి ఫోన్ చేశాడు.

"ఇంకా మనుషులను పిలుస్తాండు! అద్దాలెక్కియ్యి దీపా!"

మనుషులు రాలేదు. కార్లు మోసే లారీ వచ్చింది.

"మన కోసమే పిలిచిండమ్మా," అంది దీప.

"ఏమో, ఎటు తీస్కపోతడో!"

కారు ఎక్కించేదాకా ఆయన ఎండలోనే నిలబడ్డాడు. అనసూయ ఆయన మొహం కూడా చూడలేదు.

షెడ్డులో మెకానిక్ చంద్రమౌళి బానెట్ ఎత్తాడు.

"వైరు ఊడింది, గంతే. గుంజి ఉంటే మాత్రం గేర్‌బాక్స్ ఖతం. జర భద్రంగ చూడుమని, మీకు లారీ పిలిచిన లింగమూర్తి సారు ఫోన్ చేసిండు."

"గా సారుకు మా కారుతోని ఏం పని?"

చంద్రమౌళి చేతులు తుడుచుకున్నాడు.

"గిది ఆయన బిడ్డ నడిపిన కారమ్మా. ఆమెకూ ఎడమ కాలు పని చెయ్యకపోయేది. ఆమె చనిపోయినంక ఎందరడిగినా ఇయ్యలే, క్లచ్ తొక్కలేని ఆడపిల్ల దొరికితేనే ఇయ్యిమని బ్రోకర్‌కు చెప్పి ఏడాది ఆగిండు."