చీటీలో లేని మాట

"ఆ పచ్చరంగు బిస్కెట్ డబ్బాలు ఎన్నున్నాయమ్మా?"

గుమ్మంలో పెద్దాయన. చేతిలో రెండు ఖాళీ సంచులు.

"పద్నాలుగు."

"అన్నీ ఇచ్చెయ్యండి."

ఆమె తెల్లబోయింది. విదేశీ తినుబండారాలు తెప్పించి, ముందుగదిలోంచే ఆన్‌లైన్‌లో అమ్ముకుంటుంది ఆమె. మూడు వారాల్లో ఈయన రావడం ఇది మూడోసారి. బేరం లేదు, బాగుందో లేదో చెప్పడం లేదు. ఉన్నవన్నీ ఊడ్చుకుపోవడమే.

"ఇంతకుముందు కొన్నవాళ్ల అడ్రసులు కూడా ఇస్తారా?"

"ఎందుకండీ?"

"ఇందులో వేరుశెనగ ఉందమ్మా. పడనివాళ్లు తింటే ప్రాణం మీదికొస్తుంది."

ఆమె గుండె గతుక్కుమంది. అన్నయ్య కూతురికి వేరుశెనగ పడదు. ఒక్క పలుకు తిన్నా గొంతు వాచిపోతుంది. పొద్దున్నే ఆ పిల్లకని ఒక పచ్చడబ్బా పంపింది తను.

గబగబా డబ్బా తిప్పి చూసింది. విదేశీ అక్షరాల మీద మన భాషలో రాసి అంటించిన చీటీ. గోధుమపిండి, చక్కెర, వెన్న, పాలపొడి, ఉప్పు. కింద ఆహార భద్రత ఆఫీసు ముద్ర కూడా ఉంది.

"ఇందులో లేదుగా!"

"చీటీలో లేదమ్మా. డబ్బాలో ఉంది."

"మీరు ఆఫీసరా?"

"కాదు."

"డాక్టరా?"

"కాదమ్మా."

"మరి మీకెలా తెలుసు?"

పెద్దాయన తల దించుకున్నాడు. "ఆ చీటీ... అసలు ఆ చీటీ..." అని నసిగాడు.

ఆమెకు అర్థమైపోయింది. అర్థమైందనుకుంది, పాపం. పోటీ దుకాణం పంపిన మనిషి! సరుకు లాగేసి, అడ్రసులు పట్టుకుపోయి, తన పొట్ట కొడదామనే.

"ఒక్క డబ్బా కూడా ఇవ్వను. దయచెయ్యండి" అని తలుపేసింది.

కిటికీలోంచి ఆయన ఫొటో తీసి, వ్యాపారుల గ్రూపులో పెట్టింది. 'ఈయనొస్తే తలుపు తీయకండి. మాయగాడు.'

వరసగా బొటనవేళ్లు లేచాయి.

అయినా మనసు కుదుటపడలేదు. ముద్ర నిజమా, మనిషి నిజమా? మాయగాడైతే అలా తల దించుకోవడమెందుకు? ఎటూ తేల్చుకోలేక, ఎందుకైనా మంచిదని ఫోన్ చేసింది.

"వదినా, ఆ డబ్బా తెరిచారా?"

"ఇదిగో, నీ మేనకోడలు మూత పీకుతోంది."

"లాక్కో! తిననివ్వకు."

"ఇచ్చి లాక్కోవడమేంటి, చోద్యం కాకపోతే!" అంటూనే వదిన డబ్బా లాక్కుంది.

నాలుగో రోజు ఆహార భద్రత ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. పచ్చడబ్బాలన్నీ గోనెసంచిలోకి ఎత్తించింది.

"వేరుశెనగ ఉందని పరీక్షలో తేలిందమ్మా. ఫిర్యాదు వచ్చి నెలైంది. మా కాగితాలు కదిలేసరికి ఇదిగో, ఇవాళయింది."

ఆమె కుర్చీలో కూలబడింది.

"ఒక పెద్దాయన ముందే చెప్పాడండీ. నేనే తరిమేశాను."

"ఆయనా? సొంత డబ్బు పోసి షాపుషాపుకీ తిరిగి కొంటున్నాడు. నాలుగు రోజుల్నుంచి ఎవరూ తలుపు తీయట్లేదట. ఎందుకో అర్థం కావట్లేదని మా ఆఫీసుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు."

ఆమె ఫోన్ వైపు చూసింది. తను పెట్టిన ఫొటో కింద ముప్పై ఎనిమిది బొటనవేళ్లు.

"ఇంతకీ ఎవరండీ ఆయన?"

ఆవిడ సంచి మూతి బిగించి కడుతూ అంది:

"ఈ చీటీని మన భాషలోకి అనువదించింది ఆయనేనమ్మా. ఒక్క మాట వదిలేశానని తెలిసిన రోజే వచ్చి, తన మీద తనే ఫిర్యాదు రాసిచ్చాడు."